సాము గరిడీల చరిత్రను వికీపీడియాలో రాసేవాళ్ళకు: తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల కర్రసాము, కుస్తీ, కత్తిసాము, వాటిని నేర్పే గరిడీలు, తాలీంఖానాల గురించి తెలుగు వికీపీడియాలో రాస్తామని వచ్చేవాళ్ళు ఈ మధ్య పెరిగారు. సంతోషమే. కానీ ఫోన్లోనూ, టీ కొట్టు దగ్గరా, ఒకసారి పెళ్ళి పందిట్లో అన్నం ముందు కూచున్నప్పుడు కూడా అవే ప్రశ్నలు. చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను. వరసగా చదవనక్కర్లేదు, మీ అనుమానం ఎక్కడుందో అక్కడికే పోండి.

## చెయ్యి పెట్టక ముందు

నాకు కర్ర తిప్పడం రాదు. సాము గురించి నేను రాయొచ్చా?

రాయొచ్చు. నాకూ రాదు. చిన్నప్పుడు ఒకసారి తిప్పబోతే కర్ర నా మోకాలికే తగిలింది. వికీపీడియాకు కావలసింది సాము చేసే చెయ్యి కాదు, చదివి సరిచూసే ఓపిక. ఒక మాట ఎక్కడ అచ్చయిందో వెతికి, దాన్ని సొంత వాక్యంలో చెప్పి, ఎక్కడ దొరికిందో పక్కనే చూపగలిగితే చాలు. పైగా తిప్పడం రానివాళ్ళకు ఒక లాభం ఉంది. మా గరిడీ గొప్పదా మీ గరిడీ గొప్పదా అనే పంతం ఉండదు.

నేను ఇరవై ఏళ్ళు వస్తాదు (సాము నేర్పే గురువు) దగ్గర నేర్చుకున్నాను. నాకన్నా బాగా ఎవరికి తెలుసు? నా అనుభవం రాయకూడదా?

మీకు బాగా తెలుసు, అందులో అనుమానం లేదు. అయితే చదివేవాడికి మీరెవరో తెలియదు, తెలుసుకునే దారీ లేదు. ఎవరు రాశారన్నది కాకుండా ఎక్కడ చూసి రాశారన్నదే అక్కడ లెక్క. దాన్ని నిర్ధారత్వం అంటారు. మీ సొంత పరిశోధనకు చోటు లేదన్నది మరో నియమం. మీ అనుభవం పనికొచ్చే చోటు వేరే ఉంది. ఒక పుస్తకంలో పట్టు పేరు తప్పు పడితే మీరే ఇట్టే పట్టేస్తారు. ఫోటోలో ఉన్నది కర్రసాము నిలబడే తీరా, కోలాటం తీరా అన్నది మీరే చెప్పగలరు. ప్రతి వ్యాసానికీ పక్కనే ఉండే చర్చా పేజీలో ఆ మాట రాయండి, మిగతావాళ్ళు దానికి మూలం వెతుకుతారు. ఇంకో దారి, మీ అనుభవాన్ని పత్రికకో పుస్తకంగానో రాసి అచ్చు వేయించడం. రేపు ఇంకెవరైనా దాన్ని మూలంగా చూపుతారు.

కంప్యూటర్ లేదు. ఫోన్లో అయ్యే పనేనా?

అవుతుంది. చిన్న దిద్దుబాట్లు, అచ్చుతప్పులు, మూలం చేర్చడం అన్నీ ఫోన్లో చేసేవాళ్ళున్నారు. పెద్ద వ్యాసం, పట్టికలు, బొమ్మల అమరిక మాత్రం కంప్యూటర్ ముందే చేసుకోండి, లేకపోతే కళ్ళు పోతాయి. ఖాతా మీ పేరుతోనో మారుపేరుతోనో తెరవండి. గరిడీ పేరుతో, అకాడమీ పేరుతో, నలుగురు కలిసి వాడుకునేలా వద్దు.

మొట్టమొదట ఏ వ్యాసం మీద పని చెయ్యాలి?

కొత్త వ్యాసం మాత్రం వద్దు. అందరూ అక్కడే బోర్లా పడతారు. ఇప్పటికే ఉన్న మొలక వ్యాసం ఒకటి తెరవండి, రెండు మూడు పేరాలున్నది. అందులో ‘ఆధారం చూపాలి’ అని గుర్తు పెట్టిన వాక్యం ఉంటే, ఆ ఒక్క వాక్యానికి మూలం వెతకండి. దొరికితే చేర్చండి, దొరక్కపోతే చర్చా పేజీలో ఎక్కడెక్కడ వెతికారో రాయండి. ఈ ఒక్క పనిలో మీకు వికీపీడియా సగం తెలిసిపోతుంది. ప్రయోగాలన్నీ మీ ప్రయోగశాల పేజీలో చేసుకోండి, అక్కడ ఎవరూ ఏమీ అనరు.

మా వస్తాదు ఊళ్ళో వందమందిని తయారు చేశాడు. ఆయన మీద వ్యాసం పెట్టొచ్చా?

ఆయనతో సంబంధం లేనివాళ్ళు ఆయన గురించి ఎక్కడైనా వివరంగా రాశారా? పండగ వార్తలో చివర పేరొచ్చిందని కాదు, ఆయన గురించే రాసినది. అలాంటివి రెండు మూడు ఉంటే పెట్టొచ్చు. లేకపోతే నాలుగు రోజుల్లో తొలగింపు చర్చకు వస్తుంది, మీకూ ఆయనకూ మనసు కష్టమవుతుంది. వ్యాసం లేకపోతే ఆయన గొప్పతనం తగ్గదు. ఊరి వ్యాసంలో ఒక వాక్యంగా, దానికి ఒక వార్త మూలంగా పెట్టడం కొన్నిసార్లు కుదురుతుంది.

## మూలాల వేటలో

అన్నా, మా తాత చెప్పింది రాస్తే ఎందుకు తీసేస్తారు? తాత అబద్ధం చెప్పినట్టా?

తాత అబద్ధం చెప్పాడని ఎవరూ అనడం లేదు. తాత మాటను నేను సరిచూడలేను, అనకాపల్లిలో ఉన్న పాఠకుడు అసలే చూడలేడు, అంతే. ఈ బాధ మనకొక్కరికే కాదు. 2011లో మలయాళం, హిందీ, ఆఫ్రికాలోని సెపెడీ భాషల్లో నోటిమాటనే రికార్డు చేసి మూలంగా చూపొచ్చా అని ఒక ప్రయోగం చేశారు. చర్చ బాగా జరిగింది, నియమం మాత్రం మారలేదు. కాబట్టి తాత మాట పోగొట్టుకోకండి. ఫోన్లో రికార్డు చేసి, తేదీ, ఊరు చెప్పి, దాచండి. జానపద విజ్ఞానం మీద పని చేసే విశ్వవిద్యాలయ శాఖకో పత్రికకో ఇవ్వండి. అచ్చయిన రోజున మూలమవుతుంది.

ఒకసారి ప్రొద్దుటూరు పక్క పల్లెలో ఒక పెద్దాయన తన కర్ర చూపించాడు. రెండు కొసలకూ ఇత్తడి పొన్నులు, నడుమ చెయ్యి పట్టే చోట వెదురు నల్లగా నిగనిగలాడుతోంది. ‘ఇది మా నాయన చెమట’ అన్నాడు. వికీపీడియాలో నేను రాయలేని వాక్యాల్లో అన్నిటికన్నా మంచిది అదే.

మన జిల్లాల మీద పాత పుస్తకాలు ఏవి చూడాలి? ఎక్కడ దొరుకుతాయి?

బ్రిటిష్ వాళ్ళ జిల్లా మాన్యువళ్ళు, గెజిటీర్లు మొదట చూడండి. కడప మాన్యువల్ 1875లో, కర్నూలు మాన్యువల్ 1886లో, అనంతపురం గెజిటీర్ 1905లో, కడప గెజిటీర్ 1915లో వచ్చాయి. అన్నీ ఇంగ్లీషులోనే. అనంతపురం 1882 దాకా బళ్ళారి జిల్లాలో భాగం కాబట్టి అంతకు ముందు సంగతులకు బళ్ళారి పుస్తకాలు తిరగెయ్యాలి. వీటి స్కాన్ ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో ‘కర్రసాము’ అని వెతికితే మాత్రం ఏమీ రాదు. పండగలు, పాళెగాళ్ళు, కట్టుబడి బంట్రోతులు (మాన్యం తీసుకుని కాపలా కాసే బంట్లు), పీర్ల పండగ, ఆటలు అనే చోట్ల పేజీ పేజీ చదవాలి. ఆ దొరలు మనవాళ్ళ ఆయుధాలను లెక్కబెట్టింది పన్నుల కోసం, శాంతిభద్రతల కోసం. ఆ కన్నుతో రాశారని గుర్తుంచుకోండి.

తెలుగులో కావాలంటే కంపెనీ అధికారి మెకంజీ పోగుచేయించిన కైఫియత్తులు. ఊరి కరణాలు చెప్పగా రాసుకున్న స్థలచరిత్రలు ఇవి. కడప జిల్లా కైఫియత్తుల్ని కడపలోని బ్రౌన్ గ్రంథాలయం వాళ్ళు అచ్చు వేశారు. వేసవిలో అక్కడ ఒక పూట కూచుని చూడండి, మీ పక్క ఊరి పేరు తప్పకుండా తగులుతుంది. మాటల అర్థాలకు బ్రౌన్ నిఘంటువు ఉండనే ఉంది.

రాయల కాలంలో సాము ఉందనడానికి ఆధారం ఉందా, లేక అందరూ ఊరికే అంటారా?

ఉంది, గట్టిదే ఉంది. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కృష్ణదేవరాయల పొద్దును కళ్ళకు కట్టినట్టు రాశాడు. తెల్లవారక ముందే రాయలు ముప్పావు పింటు నువ్వులనూనె తాగి, ఒళ్ళంతా అదే నూనె పట్టించుకుని, నడుముకు చిన్న గుడ్డ చుట్టుకుని, మట్టితో చేసిన పెద్ద బరువులు చేతులతో ఎత్తుతాడట. తర్వాత కత్తి పట్టుకుని, తాగిన నూనె అంతా చెమటగా బయటికొచ్చే దాకా సాము చేసి, తన మల్లుల్లో ఒకడితో కుస్తీ పడతాడట. ఆ మీదట గుర్రమెక్కి తెల్లారే దాకా పరుగు. పేస్ రాతను రాబర్ట్ సూయెల్ ఇంగ్లీషులో 1900లో అచ్చు వేశాడు, కాపీహక్కు తీరిపోయింది, నేరుగా చూడొచ్చు. హంపీ మహానవమి దిబ్బ మీద మల్లుల శిల్పాలు కూడా ఉన్నాయి. ఇంకా వెనక్కి పోతే 12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేర వచ్చిన మానసోల్లాసంలో మల్లవినోదం అనే భాగమే ఉంది.

ఇక జాగ్రత్త. పేస్ చెప్పింది రాజుగారి అంగణంలో కుస్తీ, కత్తిసాము సంగతి. ‘ఈ రోజు ఆదోనిలో ఆడే కర్రసాము రాయల కాలం నుంచి తెంపు లేకుండా వస్తోంది’ అనడానికి ఆయన సాక్ష్యం చాలదు. రెండు నిజాల మధ్య వంతెన మనమే కట్టేస్తే దాన్నే సొంత పరిశోధన అంటారు.

మా ఊరి బయట వీరగల్లు మీద కత్తి, డాలు పట్టుకున్న వీరుడున్నాడు. ఇది సాముకు ఆధారమే కదా?

కత్తి, డాలు ఉన్నాయనడానికి ఆధారం. ఆ మనిషి పోరులోనో, ఆవుల మందను కాపాడుతూనో, అడవిపందితోనో పోరాడి చచ్చిపోయాడనడానికి ఆధారం. గరిడీలో నేర్చుకున్నాడా, ఎవరి దగ్గర నేర్చుకున్నాడా అన్నది రాయి చెప్పదు. కింద శాసనం ఉంటే ఎవరో ఒకరు దాన్ని చదివి అచ్చు వేసి ఉంటారు, ఆ అచ్చును మూలంగా ఇవ్వండి. మీరే సున్నం రుద్ది అక్షరాలు చదివి రాయడం వద్దు. సున్నం రుద్దడం అసలే వద్దు, రాయి పాడవుతుంది.

పేపర్లో పడింది కదా, ఇంకేం కావాలి?

ఈ ప్రశ్నకు నా సొంత తప్పే జవాబు. కొత్తలో నేను ఒక వ్యాసంలో ‘ఈ ప్రాంతపు కర్రసాముకు వెయ్యేళ్ళ చరిత్ర ఉంది’ అని మూలం లేకుండా రాసేశాను. రాసేటప్పుడు బాగుందనిపించింది, అంతే. కొన్నాళ్ళకు ఎవరో ఆధారం అడిగారు. నేను చూసుకోలేదు. రెండేళ్ళ తర్వాత ఒక దినపత్రిక జిల్లా అనుబంధంలో పండగ కథనం వచ్చింది, అందులో అక్షరం పొల్లుపోకుండా నా వాక్యమే. వారం తిరక్కుండా ఒక కొత్త వాడుకరి ఆ కథనాన్నే తెచ్చి నా వాక్యానికి మూలంగా అతికించాడు. నేను కన్న అబద్ధానికి నేనే తాతనయ్యాను. తీసేయడానికి ఆర్నెల్లు పట్టింది, ‘పేపర్లోనే ఉంటే నువ్వెవరు తీసేయడానికి’ అన్నారు.

కాబట్టి వార్త తేదీ చూడండి, వ్యాసపు ‘చరిత్ర’ (మార్పులన్నీ తేదీలతో ఉండే పేజీ) తెరిచి ఆ వాక్యం ఎప్పుడు చేరిందో చూడండి. వాక్యమే ముందు పుట్టి ఉంటే ఆ వార్త పనికిరాదు. నిన్న జరిగిన పోటీకి, గెలిచినవాళ్ళ పేర్లకు దినపత్రిక మంచి మూలమే. ఐదు వందల ఏళ్ళ కిందటి సంగతికి కాదు.

నరసింహారెడ్డి పాటలో ఆయన కత్తిసాము గురించి ఉంది. పాటను మూలంగా ఇవ్వొచ్చా?

పాటలో అలా ఉందని చెప్పడానికి ఇవ్వొచ్చు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు 1846లో మొదలైంది, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీశారు. వీటికి ప్రభుత్వ కాగితాలున్నాయి. కత్తి తిప్పితే ఎంతమంది పడ్డారన్న లెక్క మాత్రం పాటది. ‘జానపద గీతాల్లో ఆయన్ను గొప్ప కత్తివీరుడిగా కీర్తించారు’ అని రాస్తే పాటకూ గౌరవం, చరిత్రకూ గౌరవం. బలశాలి కోడి రామమూర్తి వ్యాసానికీ ఇదే పద్ధతి. ఛాతీ మీద ఏనుగును నిలిపాడన్నది ఎవరు చెప్పారో వాళ్ళ పేరుతో చెప్పాలి.

పాత కాగితంలో ఫసలీ అని ఉంది, ఇంకో దాంట్లో హిజ్రీ, ఇంకో దాంట్లో వికారి సంవత్సరం. ఏది రాయాలి?

కాగితంలో ఉన్నది ఉన్నట్టు రాసి, పక్కన క్రీస్తుశకం ఇవ్వండి. మన వైపు ఫసలీకి (పాత శిస్తు లెక్కల సంవత్సరం) 590 కలపాలి, శాలివాహన శకానికి 78 కలపాలి. హిజ్రీ చాంద్రమానం కాబట్టి ఒక అంకె కలిపితే సరిపోదు, పట్టిక చూడాలి. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ను కంపెనీవాళ్ళు దించేసి, కోటలో గుట్టలుగా దాచిన ఆయుధాల్ని బయటికి తీసింది 1839 అక్టోబరులో. అది ఫసలీ 1249, హిజ్రీ 1255, శకం 1761, వికారి. వికారి అని ఒక్క మాటే ఉంటే మోసపోతారు. అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తుంది, 1899, 1959, 2019 కూడా వికారే. ఒక మిత్రుడు 1959 నాటి తాలీంఖానా చందా పుస్తకాన్ని నవాబుల కాలం దాకా తీసుకుపోయాడు. అందులో నయాపైసలున్నాయని చూసుకోలేదు పాపం.

## రాసేటప్పుడు

‘వేల ఏళ్ళ నాటి ప్రాచీన విద్య’ అని మొదలుపెడితే తప్పేంటి?

ఎన్ని వేలు? ఎవరు లెక్కబెట్టారు? ఈ రంగంలో ప్రతివాళ్ళకూ పాతదనం కావాలి. మనం కరాటే అని నేర్చుకుంటున్నది జపాన్ ప్రధాన దీవుల జనానికి బాగా పరిచయమైంది ఒకినావా గురువు ఫునకోషి 1922లో టోక్యోలో ప్రదర్శన ఇచ్చాక. జూడోను కానో జిగోరో మొదలుపెట్టింది 1882లో. టైక్వాండో అన్న పేరు 1955 నాటిది. అన్నిటికీ వెనక పాత విద్యలున్నాయి, కానీ ఆ పేరుతో ఆ పద్ధతితో ఇవి మా తాతల వయసువి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. మన కర్రసాము గురించి దొరికిన మొదటి ఆధారం 19వ శతాబ్దిదయితే అదే రాయండి, ‘తొలి లిఖిత ప్రస్తావన’ అని. ఆధారం దొరికిన తేదీ వేరు, విద్య పుట్టిన తేదీ వేరు.

బోధిధర్ముడు మనవాడే కదా? షావోలిన్‌కు కుంగ్‌ఫూ నేర్పింది దక్షిణ భారతీయుడే అని రాస్తే ఎందుకు రద్దు చేశారు?

నెలకోసారి ఎవరో ఒకరు ఇది రాస్తారు, ఆయన మీద తీసిన సినిమా టీవీలో వేసినప్పుడల్లా ఇద్దరు. సంగతి ఇదీ. చైనాలోని షావోలిన్ మఠం 5వ శతాబ్ది చివర్లో బతువో అనే భారతీయ భిక్షువు కోసం కట్టించారు. బోధిధర్ముడనే బౌద్ధ భిక్షువు అక్కడికి తర్వాత వచ్చాడంటారు. ఆయన గురించి దొరికే తొలి రాతల్లోనే పొంతన లేదు. 547లో రాసిన ఒకాయన పారశీక భిక్షువు అన్నాడు, శిష్యుడిగా చెప్పుకునే ఇంకొకాయన దక్షిణ భారత రాజు మూడో కొడుకు అన్నాడు. ఏ రాతలోనూ యుద్ధవిద్య ఊసు లేదు. ధ్యానమే ఉంది. షావోలిన్ భిక్షువులు 7వ శతాబ్ది మొదట్లో యుద్ధంలో పాల్గొన్నారని 728 నాటి శిలాఫలకం చెబుతోంది, అందులోనూ వాళ్ళ విద్యకు బోధిధర్ముడు మూలమని లేదు. ఆయన పేరును కసరత్తుతో ముడిపెట్టిన ‘యిజిన్ జింగ్’ అనే పుస్తకాన్ని పండితులు 17వ శతాబ్దికి చెందినదిగా లెక్కిస్తున్నారు. అంటే ఆయన పోయిన వెయ్యేళ్ళకు. 20వ శతాబ్ది మొదట్లో ఒక చైనా నవలతో ఆ కథ ఇంటింటికీ పోయింది. దీన్ని మొదట బయటపెట్టిందీ చైనా చరిత్రకారులే.

కాబట్టి ‘బోధిధర్ముడు నేర్పాడు’ అని కాకుండా ‘బోధిధర్ముడు నేర్పాడనే ఐతిహ్యం ఉంది, చరిత్రకారులు దాన్ని ఒప్పుకోరు’ అని రాయండి. ఐతిహ్యం ఎప్పుడు ఎలా పుట్టిందో రాస్తే ఇంకా మంచిది. నాకైతే ఆ కథకన్నా ఆ కథ నడిచిన కథే రుచిగా ఉంటుంది.

దేవరగట్టు కర్రల సమరాన్ని యుద్ధకళల వర్గంలో చేర్చొచ్చా?

నా మట్టుకు చేర్చకూడదు. హొళగుంద మండలం దేవరగట్టు కొండ మీద దసరా రాత్రి మాళమ్మ, మల్లేశ్వరస్వాముల కల్యాణమయ్యాక, నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్ళు ఉత్సవమూర్తుల్ని కాపాడుకుంటూ తీసుకుపోతుంటే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కర్రలతో ఎదురుపడతారు. బన్ని అంటారు. తలలు పగులుతాయి. ప్రతి ఏడూ పోలీసులొస్తారు, వైద్య శిబిరం పెడతారు. అందులో గురువు లేడు, పాఠం లేదు, పట్ల పేర్లు లేవు. అది జాతర, ఆచారం, మొక్కు. ఉత్సవాల వర్గంలో ఉంచి, కర్రసాము వ్యాసంలో ‘ఇవీ చూడండి’ కింద లింకు ఇస్తే సరిపోతుంది. దెబ్బలు తగిలినవాళ్ళ అంకెలు రాస్తే ఏ ఏడాదో చెప్పండి. ‘ప్రతి ఏటా ఇంతమంది’ అని గుండుగుత్తగా రాయకండి.

కర్రసాము, తమిళుల సిలంబం ఒకటేనా? రెండు వ్యాసాలూ కలిపేద్దామా?

కలపొద్దు. పోలికలున్నాయి, సరిహద్దు ఊళ్ళలో రాకపోకలూ ఉండే ఉంటాయి. రెండూ ఒకటే అని ఒక పరిశోధకుడు రాసిన మూలం చూపితే ఆ వాక్యం చేర్చండి. మాట పుట్టుకను బట్టి విద్య పుట్టుకను తేల్చేయడం ఇంకో పొరపాటు. తాలీం అరబీ మాట, వస్తాదు, కుస్తీ పారశీకం నుంచి వచ్చినవి, మల్లుడు సంస్కృతం. అంతమాత్రాన ఊరి గోదాలో దండీలు, బస్కీలు తీసే పిల్లోడు ఏ దేశం నుంచీ రాలేదు. పీర్ల పండగకు కర్ర తిప్పేవాళ్ళలో రెండు మతాలవాళ్ళూ ఉంటారు మన దగ్గర. ఆ మాట రాసినా మూలంతోనే రాయండి.

ఆడవాళ్ళ ప్రస్తావన ఎక్కడా లేదు. వాళ్ళు సాము చేయలేదా?

వెతికితే ఉంది. 1530ల నాటి పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ విజయనగర రాజు కొలువులో కుస్తీ పట్టే ఆడవాళ్ళున్నారని రాశాడు. ఒక్క ముక్కే, కానీ ఉంది. తెలుగు వ్యాసాల్లో దాన్ని ఎవరూ చేర్చకపోవడం మనందరి తప్పు.

ఇంగ్లీషు వ్యాసాన్ని మిషన్ అనువాదంలో వేసి పెట్టొచ్చా?

వేసి, చదివి, ప్రతి వాక్యమూ తిరగరాసి పెట్టొచ్చు. వేసింది వేసినట్టు పెడితే ఏమవుతుందో చెబుతా. ‘స్టిక్ ఫైటింగ్’ అన్నది ఒకచోట ‘అంటుకునే పోరాటం’ అయి కూచుంది. ఇంకోచోట కుస్తీ పట్టు ‘తాళం’ అయింది. ఇంగ్లీషు వ్యాసంలో ఉన్న మూలాలు మీరు చూడకుండా మోసుకొస్తే అక్కడి తప్పులూ వస్తాయి. దిద్దుబాటు సారాంశంలో ఏ వ్యాసం నుంచి అనువదించారో రాయడం మరవొద్దు, లైసెన్సు నియమం అది.

వస్తాదుల్ని ‘గారు’ లేకుండా, ఏకవచనంలో రాయాలా? చెయ్యి రావడం లేదు.

రాదు, నాకూ మొదట్లో రాలేదు. తెలుగు వికీపీడియా పద్ధతి అదే, గాంధీకైనా రాయలకైనా. ఎదురుపడినప్పుడు అయ్యా అనండి, వ్యాసంలో ‘నేర్పాడు’ అనండి.

కోయిలకుంట్ల ఏ జిల్లా అని రాయాలి?

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. కోయిలకుంట్ల ఇప్పుడు నంద్యాల జిల్లా, పెనుకొండ, లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లా. పాత సంఘటనకు ‘అప్పటి కర్నూలు జిల్లా’ లాగా ఆనాటి పేరు, ఊరి పరిచయానికి ఇప్పటి పేరు. 1858కి ముందైతే కోయిలకుంట్ల కర్నూలు కాదు, కడప జిల్లా.

## బొమ్మలూ వీడియోలూ

వాట్సాప్‌లో వచ్చిన మంచి ఫోటో ఉంది, ఎక్కించేదా?

వద్దు. తీసినవాళ్ళదే హక్కు. మీరే తీసింది అయితే వాట్సాప్‌లో తిరిగిన ప్రతి కాకుండా కెమెరాలోని అసలు ఫైలునే, వికీపీడియా బొమ్మలు, వీడియోలు ఉండే వికీమీడియా కామన్స్‌కు ఎక్కించండి. వాట్సాప్ తేదీ, కెమెరా వివరాలు చెరిపేస్తుంది, చూసేవాళ్ళకు అనుమానం వస్తుంది. ‘వ్యాపారానికి వాడకూడదు’ అనే షరతు పెడితే కామన్స్ తీసుకోదు. పిల్లలు సాము చేసే ఫోటో అయితే తల్లిదండ్రుల్ని అడగండి, నియమం ఉన్నా లేకపోయినా. పేర్లు రాయకండి.

వీడియో ఎక్కడం లేదు, ఫోన్ పాడైందా?

ఫోన్ బాగానే ఉంది. కామన్స్ ఎంపీ4 తీసుకోదు, వెబ్‌ఎమ్‌కు మార్చుకోవాలి. వెనక సినిమా పాట వినిపిస్తుంటే శబ్దం తీసేయండి, పాటకు వేరే హక్కుదారుడున్నాడు. తప్పెట మోత అయితే ఉండనివ్వండి, అది లేకపోతే కర్రసాము కర్రసాములాగే ఉండదు.

## తగాదా వచ్చినప్పుడు

రాత్రంతా కూచుని రాసింది పొద్దున్నకు ఎవరో తీసేశారు. ఏం చెయ్యాలి?

ముందు టీ తాగండి. నిజంగానే చెబుతున్నా. మీరు రాసింది పోలేదు, ‘చరిత్ర’లో భద్రంగా ఉంది. తీసినవాళ్ళు సారాంశంలో కారణం రాసి ఉంటారు, చదవండి. చర్చా పేజీలో మూలం చూపించి అడగండి, చివర నాలుగు టిల్డాలు పెట్టి సంతకం చేయండి. కోపంతో మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పితే మీదే తప్పవుతుంది. ఒకే పేజీలో 24 గంటల్లో మూడుసార్లకు మించి తిప్పితే ఇంగ్లీషు వికీపీడియాలో నిరోధమే పడుతుంది. ఎంతకీ తేలకపోతే అందరూ చర్చించుకునే రచ్చబండ పేజీలో పెట్టండి.

ఒక కరాటే అకాడమీ వాళ్ళు వాళ్ళ గ్రాండ్‌మాస్టర్ గురించి పేజీలు పేజీలు రాసుకుంటున్నారు. తీసేయాలా?

చర్చా పేజీలో ముందు అడగండి. ఫీజులు, ఫోన్ నంబరు, బ్రాంచీల చిరునామాలు ఉంటే వెంటనే తీసేయొచ్చు, అది ప్రకటన. బిరుదులకు, ‘ప్రపంచ రికార్డు’లకు ఆ అకాడమీతో సంబంధం లేని మూలం కావాలి. డబ్బు కట్టి తెచ్చుకున్న ధ్రువపత్రం మూలం కాదు. సొంతవాళ్ళ గురించి రాసేవాళ్ళు ఆ సంబంధాన్ని బయటపెట్టాలి, డబ్బు తీసుకుని రాస్తే తప్పకుండా చెప్పాలి. నేరుగా మార్చకుండా చర్చా పేజీలో కోరడం వాళ్ళకూ గౌరవం.

ఈ విద్య మా కులం వాళ్ళదే అని ఇద్దరు కొట్టుకుంటున్నారు.

ఇద్దరినీ మూలం అడగండి. ఇద్దరి దగ్గరా కులసంఘం కరపత్రమే ఉంటే ఇద్దరి వాక్యాలూ పోతాయి. పరిశోధకులు రాసినవి రెండూ ఉంటే రెండూ ఉంటాయి, ఎవరేమన్నారో చెప్పి.

రాయలసీమ సాము వ్యాసంలో పదే పదే ఫ్యాక్షన్ చేరుస్తున్నారు. ఏం జవాబివ్వాలి?

సినిమాల్లో సీమను చూసినవాళ్ళు ఎక్కువ, సీమకు వచ్చి చూసినవాళ్ళు తక్కువ. ఈ విషయంలో నాకు చిరాకు ఉంది, దాచుకోను. అయినా చిరాకుతో రద్దు చేయను. సాముకూ ఫ్యాక్షన్‌కూ ముడి ఉందని పరిశోధన చూపితే ఉంచాలి, చూపకపోతే తీసేయాలి. బతికి ఉన్నవాళ్ళ పేర్లు నేరాలతో కలిపి రాస్తే చర్చ కోసం ఆగకుండా తీసేయండి, నిర్వాహకులకు చెప్పండి. చరిత్ర రాయాలనుకునేవాళ్ళకు చూపించవలసింది వేరే ఉంది. 1800లో దత్తమండలాలు (నిజాం ఇచ్చేసిన సీమ ప్రాంతాలు) కంపెనీ చేతికి వచ్చాక కలెక్టరు మన్రో పాళెగాళ్ళ బలగాల్ని అణచాడు. 1878 ఆయుధ చట్టంతో లైసెన్సు లేకుండా కత్తి పట్టడమే నేరమైంది. ఊళ్ళలో కత్తి పోయి కర్ర ఎలా మిగిలింది అన్న ప్రశ్నకు జవాబు ఆ కాగితాల్లో వెతకాలి.

మా ఇంట్లో పాత తాలీంఖానా గ్రూపు ఫోటో, చందా రసీదులు ఉన్నాయి. చెదలు పట్టకముందు ఏం చేయమంటారు?

ఈ పూటే ఫోటో తీయండి, రెండు వైపులా. వెనక పెన్సిల్‌తో రాసినవి ముఖ్యం, స్టూడియో ముద్ర ఇంకా ముఖ్యం. మన దేశంలో పాత ఛాయాచిత్రానికి హక్కు ఎన్నాళ్ళన్నది అది ఎప్పుడు తీశారో, ఎప్పుడు అచ్చయిందో బట్టి మారుతుంది. అది తీరిందని తేలితే కామన్స్‌కు పోతుంది, లేకపోతే మీ దగ్గరే ఉంటుంది. రసీదును వ్యాసంలో మూలంగా వాడలేకపోవచ్చు, చరిత్ర చదివే విద్యార్థికి అది బంగారం. అసలు కాగితాన్ని ప్లాస్టిక్ లామినేషన్ చేయించొద్దు. ఎండ తగలని చోట, నూలు గుడ్డలో చుట్టి, ఫోటోలో ఉన్నవాళ్ళలో ఎవరెవరో ఇంట్లో పెద్దామెను అడిగి ఎడమ నుంచి కుడికి వేరే కాగితం మీద రాసి దాంతోనే పెట్టండి.